రెండో ముక్కు

ఎలియావా బజారులో నా కొట్టు.
టైర్లమ్మేవాడికీ సైలెన్సర్లు అతికే గోచాకీ మధ్య
ఒక బల్ల, ఒక స్కానరు, కాళ్ళ దగ్గర హీటరు.
కార్లు నా దగ్గరికొచ్చి నోరు విప్పుతాయి.
మనుషులే,
బానెట్ ఎత్తాక కూడా ఏదో దాస్తూ ఉంటారు.

జుంబెర్‌ది పాత జపాను బండి, స్టీరింగు కుడివైపు.
ముందున్న బస్సును దాటాలంటే
పక్క సీట్లోని ప్రయాణికుణ్ణి అడుగుతాడు,
"ఎదురుగా ఎవరైనా వస్తున్నారా బాబూ?"

"పెట్రోలు తాగేస్తోంది" అన్నాడు.
"లైటు కూడా వెలుగుతోంది, అదెప్పటినుంచో."
మీటరు పక్కన ఇంజిన్ బొమ్మ మీద
నల్ల టేపు అంటించుకున్నాడు.
అంచుల్లోంచి పసుపు కారుతూనే ఉంది.

స్కానరు తగిలిస్తే తెర మీద రెండు గీతలు లేచాయి.
మొదటి సెన్సరు ఇంజిన్ గుమ్మంలోనే కాపురం.
ఎక్కువైంది, తక్కువైంది, ఎక్కువైంది, తక్కువైంది
ఉడుకుతున్న పులుసులో ఉప్పు చూసే నాలుక,
దానికి ఊగడమే పని.
రెండోది కిందుగా, కన్వర్టర్ దాటాక.
అది ఊగకూడదు.
మంట తాలూకు గోలంతా ఆ తేనెపట్టు గదుల్లో అణిగి
దాని దాకా చేరాల్సింది
భోజనాలయ్యాక ఇంట్లో పరుచుకునే నిశ్శబ్దం.

ఇక్కడ రెండూ కవలల్లా ఊగుతున్నాయి.
పైవాడు ఏం చూస్తే కిందివాడూ అదే.
మధ్యలో ఎవరూ లేరు.

"ఎప్పుడు తీయించావు?"
"ఏది?"
"జుంబెర్."

రెండు చలికాలాల కింద.
రొట్టెముక్కంత బూడిదరంగు రాయి,
కంటికి కనబడనంత పల్లేడియం.
తక్కెడలో తూచి తొమ్మిది వందల లరీలిచ్చారు.
ఆ డబ్బుతో పళ్ళు కట్టించుకున్నాడు.
ఇప్పుడు సిగ్గుపడి నవ్వితే
పైవరస మొత్తం బండి సామానే.

ఖాళీ చోట ఎవడో గొట్టం అతికాడు, అతుకులో వెంట్రుకంత సందు.
అక్కణ్ణించి బయటి గాలి దూరితే
మొదటి ముక్కు పాపం, ఇంజిన్ పస్తుందనుకుంది.
ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అంది.
తాగుబోతు పేరు మాత్రం బండికొచ్చింది.
గోచా సందు పూడ్చాడు.
"ఎలాగూ కింద దూరావు కదా," అన్నాడు జుంబెర్ నాతో,
"ఆ లైటు సంగతీ..."

బొటనవేలంత నట్టు.
మధ్యలో బిగిస్తే రెండో సెన్సరు వెనక్కి జరుగుతుంది.
పొగ వెళ్ళే వీధిలో ఉండదిక,
పక్క సందులో నిలబడి వాసన చూస్తుంది,
ఆలస్యంగా, మెత్తగా.
కంప్యూటరు నమ్మింది. లైటు ఆరింది.
ముప్పై లరీలు తీసుకున్నాను.
ఆ సాయంత్రం దిదుబే దగ్గర సిగ్నల్లో
ఆయన బండి వెనకే నిలబడ్డాను, మా మరుద్వి నంబరు బస్సులో,
కిటికీ సందులోంచి వచ్చింది కళ్ళు మండించే వాసన.
నా ముక్కుకి నట్టు లేదు.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చాడు.
బండి అమ్మేస్తున్నాడట,
పై అంతస్తులో ఉండే నర్సు, ఇయా అనే పిల్లకి.
"ఆ నట్టు తీసెయ్యి."
"లైటొస్తుంది."
"రానీ."
"మూడొందలు తగ్గిస్తుంది."
చాలాసేపు చేతి గ్రీజు తుడుచుకున్నాడు, గ్రీజు లేకపోయినా.
"మా లిఫ్టు నాణెం వేస్తేగానీ కదలదు," అన్నాడు.
"తొమ్మిది అంతస్తులు. ఆ పిల్ల, నేను.
ఎక్కడ చూడమంటావు?"

తీశాను.
లైటు వెంటనే రాలేదు.
కంప్యూటరు ఒక్కసారి చూసి ఎవరి మీదా నింద వెయ్యదు,
మళ్ళీ చూసుకుంటుంది.
మర్నాడు నదివారన రెండు చుట్లు తిరిగి
హారన్ కొట్టుకుంటూ వచ్చాడు,
టేపు పీకేసిన జిగురు మరక మధ్య
పచ్చగా వెలుగుతున్న బొమ్మని
కొత్త బండి చూపించినట్టు చూపించాడు.

నట్టు సొరుగులో వేశాను.
పారేద్దామనే అనుకున్నాను.
గురువారం ఒక సుబారు వచ్చింది.