ట్యూబ్‌లైట్

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీద గది.
మెట్లు పద్దెనిమిది. లెక్కవెట్టకుంట ఎక్కలేను.
మొదటిరోజు కుర్చీ అంచుమీద కూసొని
పైకప్పు దిక్కే చూస్తున్న.
"ఏమన్న ఇబ్బందా?" అన్నది నిఖత్ మేడం.
ట్యూబ్‌లైటు మొత్తుకుంటుంది, అన్న.
అన్నంక నాలిక కరుసుకున్న.
నలభై ఒక్క ఏండ్లల ఈ మాట ఎవ్వలకు చెప్పినా
చెవులల్ల నూనె పోసుకొమ్మన్నోళ్లే.

ఆమె లేసింది.
స్విచ్చి బందు జేసింది.
కిటికీ రెక్క తీసింది.
గంతే.

బడిల నా పేరే ట్యూబ్‌లైట్.
జోకుకు అందరు నవ్వి, మర్చిపోయినంక
నవ్వెటిదాన్ని నేను,
అదీ వాళ్ల మూతులు చూసి నేర్చుకున్న నవ్వు.
కొత్తవాడల నాయిన మగ్గం కాడ మాత్రం
వందల పోగులల్ల తెగిన ఒక్క పోగు
చీకట్ల సుత దొరకవట్టేది నా వేలు.
మా దరీకి ముందు లేదు, ఎనుక లేదు,
ఎటు తిరగేసి పరిచినా అదే పూవు.
మనిషికే రెండు మొఖాలుండాలెనని
వాడకట్టంత కలిసి నాకు నేర్పిండ్రు.
మంచిగనే నేర్చుకున్న. రాత్రికి దవడలు నొచ్చేటివి.

ఇగ రెండో సంగతి.
అది చెప్పనీకె ఆరు బుధవారాలు వట్టింది.
కాజీపేట లోకో షెడ్డుల ఇనుము మీద ఇనుము పడితే
నా పండ్లు జివ్వుమంటయి,
చెవులల్ల దూది లేంది లోపట అడుగువెట్టను.
ఎస్తేరు నా పక్కకు డ్యూటీ వడ్డనాడు
దూది మర్చిపోత.

మేడం పెన్ను ఆగింది.
నేను ఆ పాత ప్రశ్నల కోసం తయారున్న:
ఎప్పటిసంది? ఎవలు అలవాటు చేసిండ్రు?
పెండ్లయితే కుదురుతదేమో?
కరీంనగర్‌ల ఒకాయన ఐదువందలు తీసుకొని అడిగినయే అవి.
ఆమె అడిగింది:
"ఎస్తేరుకు దరీల సంగతి ఎప్పుడన్న చెప్పిండ్రా?"
నాకు నవ్వొచ్చింది.
టైముకే వచ్చింది.

అవ్వకు ఇంకా చెప్పలే.
ఆమె ఇయ్యాల్టికి సంబంధాలు చూస్తనే ఉన్నది,
ఇప్పుడు అన్నీ రెండో పెండ్లోళ్లయి.
షెడ్డుల నేను పాడైనయి బాగు జేస్త.
ఈ గదిల ఎవ్వలూ స్పానర్ వట్టుకోరు,
అది అర్థం గానీకె నాకు ఎండకాలం దాటింది.

మొన్న బుధవారం బయటి బెంచి మీద
జమ్మికుంట నుంచి పొద్దుగాల బండికి వచ్చినోళ్లు,
ఆటో నడిపే కొమురయ్య, ఇంటర్ చదివే...
"మా బిడ్డ" అన్నడు. ఆగిండు.
"మా బి..." మళ్ల ఆగిండు. గుటకేసిండు.
"మా పిలగాడు" అన్నడు, సాఫుగ,
ఎత్తుగడ్డ మీద గేరు మార్చినట్టు.
కాయిదం మీద పేరు కాడ పెన్సిల్ ఇచ్చింది మేడం,
రాసి, చెరిపి, రాసుకున్నడు పిలగాడు.
ఆ పేరు నాకు కనవడ్డది. నేను చెప్ప.
అది చెప్పుకోవాల్సింది ఆయన.

బ్యాగు జిప్పు పైకి, కిందికి, పైకి, కిందికి.
పదకొండు సార్లు. నేను లెక్కవెట్టిన.
జెర ఇవుతలికి జరిగి, గోడ దిక్కు చూసుకుంట అన్న:
లోపట లైటు మొత్తుకుంటే చెప్పు.
బందు జేస్తది.

జిప్పు ఆగింది.

"మీకు సుత వినవడ్తదా?"