గురువారం, నాలుగుంబావు

మైనస్ ముప్ఫై రెండు.
తలుపు తెరవగానే ముందు చలి వచ్చింది లోపలికి,
తర్వాత లరీసా,
ఆమె చెయ్యి చివర గింజుకుంటూ
నెస్టర్ ప్రోకోపిచ్, ఏడేళ్ళు.

ఫారం నేనే నింపాను.
"నొప్పి ఎక్కడ?" అన్న గడి దగ్గర నేనాగితే
ఆమె సంచీలోంచి బడి ఉత్తరం తీసింది.
కుర్చీ విసిరాడు. టీచరు మణికట్టు కొరికాడు.
లెక్కల పుస్తకాన్ని చేపల తొట్టెలో ముంచాడు.

"నూనె మిల్లులో నా పక్కన నిలబడే ఆవిడ చెప్పింది,
మెడలో ఒక్క పూస పక్కకి జరిగితే
పిల్లలు ఇలాగే అయిపోతారట,
సరిచేస్తే నెమ్మదిస్తారట."
ఆ రెండు "అట"ల మీదే
రాత్రి షిఫ్టు ఒళ్ళంతా ఆనించి నిలబడింది.

పదకొండేళ్ళుగా ఈ బల్ల వెనక ఉన్నాను.
ట్రాక్టరు దిగలేక నడుం పట్టేసిన వాళ్ళకి
ఏం రాయాలో నాకు కంఠతా వచ్చు.
ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

"కోపం ఏ ఎముకలో ఉంటుందో
నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు ఫ్రీసెన్.
"పిల్లల డాక్టరుకి చూపించావా?"
"సస్కటూన్‌లో పేరు రాయించాను.
పద్నాలుగు నెలలు ఆగమన్నారు."
ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.
అబద్ధం చెప్పడం తేలికయ్యే చోటు అది.
"నేను బాగుచేస్తానని అనను" అన్నాడు,
"అప్పటిదాకా గురువారాలు రండి."

చేతులు కడుక్కుని,
రేడియేటరు మీద వెచ్చచేసుకుని,
"వీపు మీద చెయ్యి వెయ్యొచ్చా?" అని అడిగాడు పిల్లాణ్ణి.
"వద్దు."
"సరే."
అంతే. బల్లమీది ప్లాస్టిక్ వెన్నెముక తీసి
వాడి ఒళ్ళో పెట్టాడు.
వాడు పూసలు లెక్కపెట్టాడు. తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

రెండో గురువారం, వద్దు.
మూడో గురువారం, వద్దు.
వాళ్ళమ్మ మాత్రం బూట్లు విప్పకుండా, నోరు తెరుచుకుని
నా ఎదుటి కుర్చీలో నలభై నిమిషాలు నిద్రపోయేది.
ఫోను మోగకముందే ఎత్తడం నేర్చుకున్నాను.

నాలుగో వారం
ఫైలు పట్టుకుని లోపలికి వెళ్ళబోయి గుమ్మంలోనే ఆగిపోయాను.
"నీకు నొప్పి లేదా?" అంటున్నాడు వాడు.
ఊరందరి వీపుల మీదా నలభై ఏళ్ళు వంగిన మనిషి
కాసేపు ఆలోచించి,
"ఉంది. ఇదిగో, ఇక్కడ" అన్నాడు.
అని, మూలుగుతూ బల్లెక్కి
బోర్లా పడుకున్నాడు.

నెస్టర్ రేడియేటరు దగ్గరికి నడిచాడు.
ఇంకు మరకలున్న రెండు చేతులూ దానికి ఆనించాడు,
చాలాసేపు, తొందరేమీ లేనట్టు.
వెనక్కొచ్చి అడిగాడు:
"చెయ్యి వెయ్యొచ్చా?"

మార్చిలో బడి ఇంకో ఉత్తరం పంపింది.
పందొమ్మిది రోజులు, ఎవర్నీ కొరకలేదు.
లరీసా డబ్బా నిండా వరేనికీ వండి తెచ్చింది.
"ఏ పూస జరిపారు డాక్టర్?"
ఆయన నావైపు చూశాడు.
నేను ప్రింటరులో కాగితం సర్దుతున్నాను,
నిండుగా ఉన్న ప్రింటరులోనే.
"ఒక్కటీ జరపలేదమ్మా. నాకూ తెలీదు" అన్నాడు.
ఆమె నమ్మలేదు. వెన్ను తట్టించుకున్న పిల్లలా
నవ్వుతూ వెళ్ళింది.

ఏప్రిల్‌లో మంచు బురదవుతున్న వారం
బస్సు డ్రైవర్ని కొరికాడు.
గురువారం, నాలుగుంబావుకి
ముగ్గురం ఆ ఉత్తరం చుట్టూ నిలబడ్డాం.
ఆమె చివరి వరుస మీద వేలు పెట్టింది.
కొరికేముందు అడిగాడట,
"కొరకొచ్చా?" అని.
డ్రైవరు వద్దన్నాడట.

"అయినా, అడిగాడు కదా" అంది లరీసా.

లోపల ఫ్రీసెన్
చేతులు కడుక్కుంటున్న చప్పుడు.