ఎత్వం లేని నవల

తునికాకు ఎత్తేసిన కళ్లంలో
గుడారం వేసిండ్రు ఆ ఏడు.
చాందా నుంచి డబ్బాల్లో వచ్చింది సినిమా.
ఏ దేశానిదో, ఎవరు తీసిందో,
డబ్బా మీది చీటీ ప్రాణహితలో తడిసి
నీలంగ కారిపోయింది.
మాటలు మనవి కావు. మరాఠీవీ కావు.
అందుకే మైకు ముందట కూసోబెట్టిండ్రు
గట్టు లసుమయ్యను.
ఫారెస్టు నాకా గుమాస్తా,
టేకు దుంగలకు నంబర్లు కొట్టే చెయ్యి,
గొంతు మాత్రం ఒగ్గుకథోళ్లది.

మూడో రీలు ముందు ఎక్కించిండు ఆపరేటర్,
నిద్ర మత్తో, చీకటో.
పొగ చిమ్ముకుంట బాణంలాంటి బండి
రాళ్లగుట్టల మీద దిగింది.
తర్వాతి రీల్లో
అదే మనుషులు ఇంటికాడ రొట్టె తింటున్నరు,
అదే బండికి ఇంకా రంగు వేస్తున్నరు.
ఈలలు. ఎవడో చెప్పు విసిరిండు.
లసుమయ్య మైకు మీద ఒకసారి ఊది
దమ్ము పట్టి అన్నడు:

"సూడుండ్రి, వీళ్లు పోకముందే వచ్చిండ్రు.
అంత జోరుగ పోయే బండి అది.
రేపట్ల ఎక్కితే నిన్నట్ల దించుతది."

గుడారం బట్ట కొట్టుకున్న చప్పుడొక్కటే.
చెప్పు విసిరినోడే ముందు చప్పట్లు కొట్టిండు.
ఇట్లాంటి కథలకు పెద్ద చరిత్ర ఉందట,
పట్నాల్లో, అట్ట గట్టి పుస్తకాల్లో.
మా సిరొంచలో మాత్రం
ఒక తప్పు రీలుతో మొదలైంది.

వారం తిరగకముందే రాయబట్టిండు,
టేకు లెక్కల ఖాతాబుక్కు వెనకనుంచి.
భాష తెలుగు. అక్షరం మరాఠీ,
బడి నేర్పింది అదొక్కటే మరి.
సాఫు ప్రతి రాసింది నేను.
ఏడో తరగతి, గుండ్రటి దస్తూరి,
పేజీకి ఒక బెల్లం ముక్క కూలి.

చందమామ అనకపోయేది ఆయన.
వాళ్లమ్మ మాట, "నెల" అనేది.
ఆ అక్షరాల్లో ఎత్వం లేదు,
ఉన్నదల్లా ఏత్వమే.
ఆయన నెల అని చెప్తే
నా కాయితం మీద నేల అయి కూసునేది.
నేల మీదికెళ్లి లేచిన బండి
నేలకే పోయింది,
నేల చుట్టు మూడుసార్లు తిరిగింది,
అందులో పిల్ల అద్దానికి ముక్కు ఆనించి
దూరంగ నేలను సూసి ఏడ్చింది.
"ఏది ఏదో ఎట్ల తెలుస్తది సారూ?"
"సదివేటోడు తేల్చుకుంటడు తీయ్"
సుత్తి పట్టి కాయలు కాసిన వేళ్లతో
నా నెత్తిన నంబరు కొట్టినట్టు తట్టిండు.

కథలో సంవత్సరం రెండువేల ఐదువందలు.
గాలి మాత్రల్లో దొరుకుతది.
సచ్చినోళ్లతో తపాలాఫీసుల మాట్లాడొచ్చు,
మూడు నిమిషాలకు అర్ధ రూపాయి.
అయినా అంగారకం బండి అందుకోవాలంటే
అవతలి రేవు దాక పడవే గతి.
పడవ ఎల్పుల పోశందే.
అప్పుడు కూడా బాకీ గోడ మీద గీతలు గీస్తడు,
వరదొస్తే రానంటడు,
బండి ఆయన కోసం ఆగుతది.
చుక్కల మీద ఊళ్లు కట్టిన మనిషికి
ఏటి మీద వంతెన తోచలే.

వచ్చింది వంతెన. ఆయన పోయినంక ఎన్నేండ్లకో.
ఒకనాడు నడిచి దాటిన, లారీల దుమ్ములో,
కింద పడవ ఎవలన్న వేసుకొస్తున్నరేమోనని
కటకటాలు పట్టుకొని సూసుకుంట.
సగం దాటినంక జేబుల ఫోను మోగింది.
అవతలి రాష్ట్రం స్వాగతమంటున్నది, తెలుగుల.
అది నాకు చదవరాలే.

యాభై ఒకటో ఏట నేర్చుకున్న ఈ అక్షరాలు.
పక్కింటి కోమలిబాయి నవ్వింది,
పలక బలపం కొనుక్కొస్తుంటే.
ఇప్పుడు ఆ ఖాతాబుక్కు
తెలుగులకు దించుతున్న,
చెదలు తిన్నకాడ చుక్కలు పెట్టుకుంట.
నేల వచ్చినప్పుడల్లా ఆగుతున్న.
ఇది పైదా? కిందిదా?
కొన్ని తెలిసిపోతయి, పక్కన గడ్డి ఉంటది.
కొన్నింటికి ఆయన గొంతు గుర్తు తెచ్చుకుంట.
పొట్టిగ అన్నడా, సాగదీసిండా,
బీడీ నోట్ల ఉండెనా.

ఆఖరి పేజీ, ఆఖరి వాక్యం:
"అట్ల అందరు నేల చేరిండ్రు."
వారం నుంచి అక్కడనే ఉన్న.
ఇయ్యాల ఆ ఒక్క మాట
మరాఠీ అక్షరాల్లోనే ఉంచి
బుక్కు మూసిన.