జవాబుల ఫైలు

జహ్రాలో ట్రైనింగ్ కాలేజీ, రెండో అంతస్తు.
నూట అరవై కంప్యూటర్లు
ప్లాస్టిక్ తొడుగుల్లో ఊపిరాడక నిలబడ్డాయి.
ఆదివారం పొద్దున ఏడింటికి క్లాసు.
ఇవాళ గురువారం రాత్రి.

కిందటేడు ఈ పని పోశెట్టీ నేనూ చేత్తో చేశాం.
ఒక్కోదాని ముందు కూర్చుని
భాష ఏదంటే చెప్పి, కీబోర్డు ఏదంటే చెప్పి,
షరతులకు ఒప్పుకుంటున్నావా అంటే
చదవకుండా ఒప్పుకుని.
పోశెట్టికి ఇంగ్లీషు అక్షరాలు ముఖాల్లా తెలుసు,
పేర్లతో తెలీదు.
నీలం మీట ఎక్కడ తేలితే అక్కడ నొక్కేవాడు.
మిషన్‌కి పావు దినార్ ఓవర్‌టైమ్.
వాడి వాటా ఎనభై. ఇరవై దినార్లు.
ఆర్మూర్ దగ్గర బోరు మోటారుకి
కొత్త స్టార్టరు పడింది ఆ డబ్బుతోనే.

ఈసారి ముందే జవాబులు రాసిపెట్టాను.
ఒకే ఫైలు, నూట ఎనభై మూడు వరుసలు.
అది నోరు తెరవకముందే
నోట్లో పెట్టిన సమాధానాలు.
టైము: కువైట్, రియాద్.
డిస్కు: అంతా చెరిపెయ్యి.
షరతులు: ఒప్పుకున్నాం.
పేరు: విద్యార్థి.
పాస్‌వర్డ్ మాత్రం ఇక్కడ రాయను.

మూడు రాత్రులు సతాయించింది.
ఎక్కడో ఒక కొక్కెం మూయడం మరిచాను,
అంతే, తెర నిండా ఎర్ర అక్షరాలు.
సజీవన్ తొంగిచూసి
"చేత్తో చేసుంటే ఈపాటికి పడుకునేవాడివి" అని
తన సులైమానీ తను తాగి పోయాడు.
నిజమే.
నిజమని తెలిసీ కూర్చున్నాను.

పోశెట్టికి విడమరిచి చెప్పాను.
విని, గడ్డం గోక్కుని, నవ్వాడు.
"మా ఏజెంటు గిట్లనే చేసిండన్నా.
వాళ్లు అడగకముందే
అన్నిటికి అవునని రాసిండు.
డ్రైవరని ఇక్కడ దిగిన.
దిగినంక తెలిసింది, గొర్లకు."
రెండేళ్లు ఎడారిలో,
వాడు అడిగిందల్లా నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తదనే.

పదకొండున్నరకు సర్వర్ వదిలాను.
వరుసగా వెలిగాయి తెరలు,
పెళ్లివారింట్లో దీపాలు ముట్టించుకుంటూ పోయినట్టు కాదు,
ఎవరూ ముట్టించలేదు కదా.
ఫ్యాన్లు ఒకే గొంతుతో మొదలయ్యాయి.
శాతాలు పెరిగాయి. ఆరిపోయాయి. మళ్లీ లేచాయి.
పోశెట్టి తొడుగులు విప్పాడు, మడతపెట్టాడు,
మడతపెట్టినవి మళ్లీ మడతపెట్టాడు.
"ఇప్పుడు నేనేం జెయ్యాలె?"
"చూస్తూ ఉండు."
చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తీశాడు.
పెట్టుకున్నాడు.

రెండు దాటాక, కిటికీ పక్క వరుసలోంచి కేక.
"అన్నా! ఇది అడుగుతుందే!"
తప్పిపోయిన మేక దొరికినట్టుంది గొంతు.

తొంభై ఏడో నంబరు.
దాని పొట్టలో రెండు డిస్కులున్నాయి.
పంపినవాడి పొరపాటో, ఎవరో వాడి తిప్పి పంపిందో.
ఏది చెరపాలి, అని ఆగింది.
నా నూట ఎనభై మూడు వరుసల్లో
రెండో డిస్కు ఊహే లేదు.
పోశెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు,
రాత్రంతా నిలబడ్డవాడు.
మౌసు మీద చెయ్యి వేశాడు, నొక్కలేదు.
"ఏదన్నా? పెద్దదా, చిన్నదా?"
"చిన్నది. పెద్దదాని జోలికి పోకు."
నొక్కాడు. నీలం మీట.
అది మిగతావాటి వెంట పడింది.

తెల్లారి రిజిస్టరు తెరిచాను.
'చేసినవారు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
ఎనభై రాద్దామనుకున్నాను, సగం సగం,
కిందటేడులాగే. సజీవన్ లెక్కపెట్టడు.
పోశెట్టి వంగి చూశాడు.
"ఒకటి రాయన్నా.
నేను నొక్కింది ఒక్కటే."

రాశాను.
పావు దినార్.

వచ్చే వారం ఫహాహీల్‌లో రెండువందల పది.
ఫైల్లో ఒక వరుస కలపాలి,
రెండు డిస్కులుంటే ఏం చెయ్యాలో.
రెండు నిమిషాల పని.

ఇంకా కలపలేదు.