మిగులు

నార్వే తీరానికి పడమరగా, నవంబరు సముద్రం మీద
గాలిమర కాళ్ల దగ్గర మా ఓడ నిలబడలేక నిలబడుతోంది.
ఓడకీ మరకీ మధ్య ఒక ఇనుప వంతెన.
ఓడ లేస్తే అది దిగాలి, ఓడ కుంగితే అది లేవాలి.
దాని మీద మనుషులు నడవాలి. అంతే పని.

హాల్దిస్ తెల్లబోర్డు మీద ఒక భిన్నం రాసింది.
పైన కొంచెం, మధ్యన గీత, కింద ఇంకొంచెం ఎక్కువ.
"అల ఇటు వెళ్తుంది, నిలకడ అటు వస్తుంది," అంది.
నేను నూనె పైపులు బిగించేవాణ్ణి.
గీతకి కింద వెతికాను, పైన వెతికాను.
నా నూనె చిక్కదనం ఎక్కడా లేదు,
చలికి బిగుసుకునే కవాటమూ లేదు.
ఊరుకున్నాను.

కంప్యూటర్ తెరమీద వంతెన
గాలి చొరని గదిలో దీపంలా నిలిచింది.
ఓడ మీదికి తెస్తే, అల దాటిపోయాక కవాటం తెరుచుకుంది,
చేతులు కాలాక ఆకులు.
కాస్త ముందుగా కదలమని ఆమె ఇంకో పదం చేర్చింది.
ఇక చూడు, సెన్సర్ గొణిగిన ప్రతి మాటా నమ్మేసి,
ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయబోయే రకమైపోయి,
గోరంత వణుకుని కొండంత చేసి
నా పైపుల్ని గడగడలాడించింది.
రెండు సీళ్లు పోయాయి. ఆమె క్షమించమనలేదు.
రాత్రి భోజనాల దగ్గర తన చేపముక్క తీసి నా పళ్లెంలో వేసింది.

నాలుగో రోజుకి వణుకు సర్దుకుంది, ఆలస్యం సగమైంది.
కానీ వంతెన కొస గంటకి బెత్తెడు చొప్పున దిగిపోతోంది,
ఎవరూ దిగమనకుండానే.
నూనె కారుతోందని నన్ను తిట్టారు.
ప్రతి కీలూ గుడ్డతో తుడిచి చూశాను. పొడి.

తెల్లవారుజామున ఆమె తలుపు కొట్టింది.
"ఈ చిప్‌కి పూర్ణాంకాలే వచ్చు.
సెకనుకి వందసార్లు భాగిస్తుంది,
ప్రతిసారీ శేషాన్ని పారేస్తుంది."
అంత చిన్నదా, అన్నాను.
"అంత చిన్నదే. కానీ అన్నీ ఒకే పక్కకి."

ఓలెసున్‌లో మా పెద్దమ్మ కొట్టు గుర్తొచ్చింది.
చిల్లర లేనిరోజు ఎవరికెంత ఇవ్వాలో
తలుపు వెనక సుద్దతో రాసుకునేది,
మర్నాటి బేరంలో కలిపేది.
చెప్పాను. హాల్దిస్ నవ్వలేదు, టైపు చేస్తూనే ఉంది.
ఒక్క వరస.
మిగిలింది పక్కన పెట్టు, వచ్చే లెక్కలో కలుపు.

మధ్యాహ్నం దాకా కొస దిగలేదు.
అంచు మీద పెట్టిన కాఫీ కప్పు అక్కడే చల్లారింది.
స్వైనుంగ్ పనిముట్ల సంచీతో దాటాడు.
చేతితొడుగు మరిచిపోయానని వెనక్కొచ్చి,
ఆపిల్ కొరుకుతూ, కిందికి చూడకుండా మళ్లీ దాటాడు.

హాల్దిస్ అది చూడనేలేదు.
రెయిలింగ్ మీదికి వంగి వాంతి చేసుకుంటోంది.
ఆమె కాళ్ల కింద ఓడ ఊగుతూనే ఉంది.