పావు చుట్టు

శువైఖ్‌లో మధ్యాహ్నం.
షట్టరు సగం దించి కోయా నిద్రపోతున్నాడు.
ఓబులేసు కారు కింద నేను,
నా వీపు కింద అట్ట, అట్ట కింద కాలే సిమెంటు.

పద్నాలుగు నంబరు పానా తిరుగుతాంది.
బోల్టు తిరుగుతాంది.
దిగదు.
ఎన్ని చుట్లు తిప్పినా ఉన్నచోటే,
అకామా ఆఫీసులో టోకెను పట్టుకున్న మనిషి మాదిరి.

"ఏమన్నా, వచ్చిందా?"
చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు, లైటు పట్టుకోని.
"మర పోయింది."
"మరంటే?"
"లోపలి చుట్లు. అరిగినాయి. బోల్టుకు పట్టు లేదు."
"ఎంతైతాది?"

చాంబరు మార్చాలంటే నలభై దినార్లు.
బండి బాబాది. అరిగిందీ విరిగిందీ మాత్రం డ్రైవరుది.
జీతంలో కోసే కత్తెర మేడం దగ్గరుంటాది.

"ముందు ఎవడు బిగించినాడో గానీ
వాని చేతులు పడిపోను" అన్నాడు ఓబులేసు.

లైటు కొంచెం ఇటు తిప్పమన్నా.
గుడ్డతో జిడ్డు తుడిచినా.
బోల్టు నెత్తిన ఆకుపచ్చ చుక్క.

నేను బిగించిన ప్రతి బోల్టుకూ పెడతా ఆ చుక్క,
అగ్గిపుల్ల మొనతో.
గుల్‌జమాన్ ఉస్తాద్ నేర్పింది.
పెషావరు పోతా పోతా రంగు డబ్బీ నా చేతిలో పెట్టినాడు.
చుక్కుంటే పని నాది. లీకైతే మాట నాది.

మూడు నెలల కింద.
ఆ పొద్దున రెండు నెలల జీతం అడిగితే
కోయా క్యాలిక్యులేటరు తీసి, నొక్కి నొక్కి,
సున్నా నా వైపు తిప్పి చూపించినాడు.
నోట్లో మాట నోట్లోనే మింగి కారు కిందికి దూరినా.
మింగింది యాడికి పోతాది?
భుజంలోకి దిగింది, మోచేతిలోకి, మణికట్టులోకి,
పానా పొడుగునా పారి
వేలెడంత బోల్టు మీద కూర్చుంది.
కిర్రుమన్నాక ఆపాల్సింది.
ఇంకో పావు చుట్టు తిప్పినా.
ఆ పావు చుట్టు బండికి అక్కర్లేదు. నాకు కావల్సొచ్చింది.

అల్యూమినియం మెత్తంది, అరవదు.
లోపల్లోపల తెగిపోయి కూడా
మూడు నెలలు, ఏమీ ఎరగనట్టు, నూనె మోసింది.

స్క్రూడ్రైవరు మొన బోల్టు తల కింద దూర్చి
కిందికి నెడతా తిప్పినా.
ఊడి చేతిలో పడింది.
దాని చుట్ల నిండా వెండి పోగులు,
మురుకుల గొట్టానికి అంటుకున్న పిండి మాదిరి.
వెనకే నూనె, మోచేతి దాకా.
"కాలిందా అన్నా?"
"లేదు."
కాలింది.

ట్యాపుకు గ్రీజు పట్టించినా, పొడి లోపల పడకుండా.
అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి.
అర ముందుకు, పావు వెనక్కి.
తొందరపడితే ట్యాపే విరుగుతాది.
స్టీలు స్ప్రింగు చుట్ట ఒకటి అందులోకి ఎక్కించినా.
కోయా డ్రాయర్లోది, రెండున్నర దినార్లు,
పుస్తకంలో నా పేరు కిందే రాసినా, ఆ సున్నా పక్కన.
మంచి నూనె అరలీటరు పోసి వదిల్తే
ఆఖరి మెరుపు కూడా కొట్టుకొచ్చింది.
కొత్త బోల్టు. రాగి వాషరు.
వేళ్లతో మొదలుపెట్టి వేళ్లతోనే చివరిదాకా.
పానా ఆఖర్న, ఒక్కసారి,
చంటిబిడ్డకు మొలతాడు కట్టినంత బిగువు.

"ఎంతన్నా?"
"నూనెకియ్యి."
"మరి మరకు?"
"పో, పోయి బాబాను పార్లమెంటు కాడ దింపు, టైమైంది."
బాబాకు పార్లమెంటుతో ఏం పని! ఇద్దరం నవ్వినాం.

రంగు డబ్బీ ఎండకు గట్టిపడింది.
తడి తగిలేదాకా పుల్లతో పొడిచినా.
పెట్టినా చుక్క, పోయినసారి కంటే చిన్నది.
"రాత్రికి బండి కింద అట్ట పరువు. తెల్లారి చూడు."

ఫజర్ బాంగు వేళ ఫోను మోగింది.
ఫోటో. జహ్రాలో ఏదో గోడ, దాని పక్కన
కోళ్లపెట్టె అట్ట విప్పి పరిచినాడు.
ఒక్క బొట్టు లేదు. వాని చెప్పు గుర్తు ఒకటి, అంతే.
కింద వాని గొంతు:
"అన్నా, నీ చేతులు సల్లగుండ."

రెండుసార్లు విన్నా.
మైకు గుర్తు మీద బొటనవేలు అదిమి పట్టినా.
ఎర్ర అంకెలు పరిగెత్తినాయి, ఒకటి, రెండు, పదకొండు.
గదిలో ఫ్యాను చప్పుడు తప్ప
అందులో ఏమీ పడలేదు.
అదే పంపించినా.