అచ్చు గుద్దినట్టు

నా తెర మీద ఇనుము చేతికి మసి చెయ్యదు.
పంపు డొప్పని పధ్నాలుగు లక్షల గళ్లుగా తరిగాను,
గడికో జ్వరం.
పసుపు ఎరుపులోకి, ఎరుపు నీలంలోకి దిగుతుంది.
ఆరు నిమిషాల చల్లారుడికి
కంప్యూటర్‌కి పదకొండు గంటలు.
రాత్రంతా అది పోత పోస్తూనే ఉంది,
నేను పడుకున్నాను.

పొద్దున తీర్పు: లోపల డొల్ల లేదు.
మెడ దగ్గర, గోడ మందంగా ఉన్నచోట కూడా
ఒక్క గడీ ఎర్రగా మిగల్లేదు.

బ్లాన్‌స్కోలో ఆ వారం మంచు కరుగుతోంది.
బొహుస్లావ్ ఇసుకని పిడికిట్లో నొక్కి
ముద్ద విరిగిన తీరు చూసి
"దీనికి చెమట పట్టింది, రాద్మిలా" అన్నాడు.
తేమ ఎంత?
"నిన్నటికంటే ఎక్కువ."
నా పట్టికలో నిన్నటికి గడి లేదు.

పోశారు.
ఆరు థర్మోకపుల్స్‌లో మూడోది
నలభై ఒకటో సెకనులో చచ్చిపోయింది.
మిగిలిన అయిదు గీతలూ నా గీతల మీదే నడిచాయి,
ఎనిమిది డిగ్రీలు అటూ ఇటూ.
అచ్చు గుద్దినట్టుంది అన్నాను, గట్టిగానే అన్నాను.
అతను ముక్కు తుడుచుకున్నాడు.

శనివారం రంపం.
కోసిన ముఖానికి ఎర్ర రంగు పూసి, తుడిచి, ఆగాం.
తెర మీద రాని ఎరుపు
మెడ దగ్గర మెల్లగా ఊరింది:
మూడు చుక్కలు, పెద్దది మినపగింజంత.

బొహుస్లావ్ ఏమీ అనకుండా కొలకర్ర అందించాడు.
గోడ ఉండాల్సినదానికంటే
మిల్లీమీటరున్నర లావు.

గడ్డకట్టేటప్పుడు ఈ ఇనుము ఒళ్లు విరుచుకుంటుంది.
గ్రాఫైట్ గోళీలు పుట్టి చోటు కావాలంటాయి.
గట్టి ఇసుక అయితే ఇవ్వదు,
ఆ ఒత్తిడే లోపలి ఖాళీల్ని పూడుస్తుంది.
తడి ఇసుక మొహమాటస్తురాలు, జరిగింది.
నేనేమో అచ్చుకి చలనం సున్నా అని రాశాను.
అచ్చు గుద్దినట్టు అన్నానే,
అచ్చు కదులుతుందని మర్చిపోయి!

ఆదివారం ఒక్క అంకె మార్చాను.
రాత్రి మళ్లీ పోత.
తెల్లారేసరికి మూడు చుక్కలూ వచ్చాయి, అక్కడే,
పెద్దది కాస్త ఎడంగా.
మేనేజర్ భుజం తట్టాడు.
నాకు మాత్రం
జవాబు చూసి లెక్క చేసిన పిల్లలా
చెవులు వేడెక్కాయి.

ఇవాళ వేరే డొప్ప, వేరే ఇసుక.
పోతకి ముందే కాగితం మీద
డొల్ల ఎక్కడో, ఎంతో రాసి, తేదీ వేసి,
సీసపు దిమ్మె కింద పెట్టాను.
"నాకూ ఒకటివ్వు" అన్నాడు బొహుస్లావ్.
చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు,
బడిపిల్లాడిలా, నాకు కనపడకుండా.

గరిటె వంగుతోంది.
దిమ్మె కింద రెండు కాగితాలు
ఆ వేడికి అంచులు లేపుతున్నాయి.